ఎలక్ట్రీషియనా, ఇన్‌స్ట్రుమెంట్ మెకానిక్కా?

ఎర్రగుంట్ల నుంచి ఒక తండ్రి అడిగారు: "నేను సిమెంట్ లారీ నడుపుతాను. మావాడు పదో తరగతి పాసయ్యాడు. లెక్కలు బాగానే చేస్తాడు. ఐటీఐలో ఇన్‌స్ట్రుమెంట్ మెకానిక్ చేరతానంటున్నాడు. మా బావమరిదేమో ఎలక్ట్రీషియన్ చేయించు, ఎక్కడైనా బతుకుతాడు అంటున్నాడు. ఆ మీటర్ల పని ఏందో నాకు తెలీదు. ఏం చేయమంటారు?"

అన్నా, మీ బావమరిది మాటలో నిజముంది. ఎలక్ట్రీషియన్ పని వచ్చినవాడు ఉద్యోగం దొరక్కపోయినా ప్రొద్దుటూరులో ఇళ్లకు వైరింగ్ చేసుకుంటాడు, పొలాల్లో బోరు మోటార్లు చూసుకుంటాడు. ఇన్‌స్ట్రుమెంట్ మెకానిక్‌కు ఆ వీలు లేదు. ప్లాంటు ఉన్నచోటే అతనికి పని. కాకపోతే మీరు ఉన్నది ప్లాంట్ల మధ్యలోనే. ఎర్రగుంట్ల, చిలంకూరు, తాడిపత్రి వైపు సిమెంట్ ఫ్యాక్టరీలు, ముద్దనూరు దగ్గర 1,650 మెగావాట్ల ఆర్‌టీపీపీ థర్మల్ కరెంటు ప్లాంటు, తుమ్మలపల్లెలో యురేనియం ప్లాంటు ఉన్నాయి. అందుకే మీవాడి కోరికను కాదనబుద్ధి కావడం లేదు.

ఇక పని సంగతి. మీరు లోడు ఎత్తుకునే ఫ్యాక్టరీలో కిల్న్ అనే పెద్ద కొలిమి లోపల సున్నపురాయి పొడి 1,450 డిగ్రీల దాకా కాలి క్లింకర్ అవుతుంది, దాన్ని పొడి చేస్తేనే సిమెంట్. లోపలికి తొంగి చూసి నడిపేది కాదు అది. వేడి ఎంత, ప్రెషర్ ఎంత, గాలి ఎంత పోతోంది అన్నవి కొలిచి కంట్రోల్ రూముకు చెప్పే పరికరాలుంటాయి. వాటిని బిగించడం, సరిచూడడం, తప్పు చెబుతుంటే పట్టుకోవడం ఈ ఉద్యోగం. కొలిచి కబురు పంపే పరికరాన్ని ట్రాన్స్‌మిటర్ అంటారు. అది తన కొలతను 4 నుంచి 20 మిల్లీ ఆంప్స్ కరెంటుగా పంపుతుంది. 4 వస్తే కొలత సున్నా, 20 వస్తే నిండు, 12 వస్తే సరిగ్గా సగం. అసలు కరెంటే రాకపోతే వైరు తెగి ఉండొచ్చు, సప్లై పోయి ఉండొచ్చు. సున్నాకు 4 పెట్టింది ఆ తేడా తెలియడానికే.

కిల్న్‌లోకి వెళ్లే ముందు పొడిని వేడిచేసే ప్రీహీటర్ టవర్ మీద ప్రెషర్ రీడింగ్ కదలకుండా నిలిచిపోతే కొత్తవాడు ట్రాన్స్‌మిటర్ పోయిందంటాడు. అనుభవం ఉన్నవాడు ముందు ప్రెషర్‌ను మీటరు దాకా తెచ్చే సన్నటి ట్యాపింగ్ పైపు చూస్తాడు. చాలాసార్లు అందులో దుమ్ము పేరుకుని ఉంటుంది. తప్పు ప్రాసెస్‌లో ఉందా, పైపులో ఉందా, వైరులో ఉందా, మీటరులో ఉందా అని వరసగా తేల్చుకోగలిగే ఓపిక కావాలి. నా దృష్టిలో ఈ ట్రేడుకు అదే అసలు అర్హత.

కౌన్సెలింగ్‌లోకి రాకముందు నేను ఈ పనే చేశాను. ట్రైనీగా ఉన్నప్పుడు ఒక ఫ్యాక్టరీలో, కంట్రోల్ రూముకు చెప్పకుండా ఒక ప్రెషర్ ట్రాన్స్‌మిటర్ వైరు విప్పాను. ఆ సిగ్నల్‌కు ఒక పెద్ద ఫ్యాన్ ఇంటర్‌లాక్ అయి ఉందని, అంటే సిగ్నల్ పోతే ఫ్యాన్ దానంతటదే ఆగుతుందని తెలియదు. ఫ్యాన్ ఆగింది, వెంటనే కిల్న్ ఫీడ్ ఆగింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు, కానీ ఆ రోజు చేతులు వణికాయి. పని మొదలుపెట్టే ముందు రాతపూర్వక అనుమతి (పర్మిట్) తీసుకోకుండా, కంట్రోల్ రూముకు ఫోన్ చేసి చెప్పకుండా స్క్రూ ముట్టుకోకూడదని మీవాడికి మొదటి రోజే చెప్పండి. టవర్ ఎక్కడం, వేడి, దుమ్ము, నైట్ షిఫ్టులు కూడా ఉంటాయి. దాచి లాభం లేదు.

చదువు విషయంలో నా ఓటు పాలిటెక్నిక్‌కే. లెక్కలు వచ్చంటున్నారు కాబట్టి పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష పాలిసెట్ రాయించండి. ఇన్‌స్ట్రుమెంటేషన్ బ్రాంచి ఉన్న డిప్లొమా 3 ఏళ్లు. తర్వాత కావాలంటే డిప్లొమా వాళ్లకు పెట్టే ప్రవేశ పరీక్ష ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదిలో చేరొచ్చు. ఐటీఐ అయితే 2 ఏళ్లు, త్వరగా చేతికి అందొస్తాడు. కానీ ఈ ట్రేడు అన్ని ఐటీఐల్లో ఉండదు, సీటు ఎక్కడుందో ముందే కనుక్కోండి. ఏది చదివినా అప్రెంటిస్‌షిప్ వదలొద్దు. రిఫైనరీలు ఈ ట్రేడులో అప్రెంటిస్‌లను తీసుకుంటాయి. బార్క్ (భాభా అణు పరిశోధన కేంద్రం) కూడా స్టైపెండ్ ఇచ్చి నేర్పే స్టైపెండరీ ట్రైనీలుగా తీసుకుంటుంది. ఇక్కడి ప్లాంట్లలో చాలామంది మొదట కాంట్రాక్టరు కిందే చేరతారు. అప్పుడు పీఎఫ్ కడుతున్నాడా, ఎక్స్‌పీరియన్స్ లెటర్ ఇస్తాడా అని అడిగి మరీ చేర్పించండి.

ఫీజు కట్టకముందే కంటి డాక్టరు దగ్గర రంగుల పరీక్ష చేయించండి. రంగులు సరిగా తెలియకపోతే వైర్ల దగ్గర కష్టం. ఉద్యోగానికి చేసే మెడికల్ పరీక్షలో ఆగిపోయిన పిల్లల్ని చూశాను, చదువంతా అయ్యాక తెలిసింది వాళ్లకు.

ఇంకొక్కటి. మీవాడికి ఒక మామూలు మల్టీమీటరు, వేడిని కొలిచే ఒక పీటీ-100 సెన్సర్ కొనివ్వండి. వేడి పెరిగేకొద్దీ దాని రెసిస్టెన్స్ (ఓమ్స్) పెరుగుతుంది. ఐసు ముక్కలు వేసిన నీళ్లలో పెట్టి, వేరే వేరే రంగుల వైర్ల మధ్య కొలిస్తే 100 ఓమ్స్ దగ్గర చూపిస్తుంది. పొయ్యి మీద మరిగే నీళ్లలో పెడితే 138 దగ్గరకు వస్తుంది. ఒకసారి చూసి పక్కన పెట్టేస్తే బావమరిది మాట వినండి. మధ్యలో ఎంత చూపిస్తుందో, ఒకటి రెండు ఓమ్స్ తేడా ఎందుకొచ్చిందో అని వాడే మళ్లీ పొయ్యి వెలిగిస్తే, పాలిసెట్ ఫారం నింపించండి.