చట్టం ఒకటే, ఢిల్లీ ఒకటే.. రాష్ట్రాల మధ్య ఇంత తేడా ఎందుకు?

ప్రశ్న: సార్, నేను ఎంఏ పొలిటికల్ సైన్స్ చదువుతున్నా. ఏ రాష్ట్రం వెనకబడినా కేంద్రం అన్యాయం చేసిందని కొందరు, అక్కడి నాయకులే చేతగానివాళ్లని కొందరు అంటుంటారు. ఫెడరలిజం, అంటే కేంద్రం, రాష్ట్రాల మధ్య అధికారాల పంపకం మీద పొలిటికల్ సైంటిస్ట్ అసీమా సిన్హా చేసిన రీసెర్చ్ చదవమని మా మేడమ్ చెప్పారు. అందులో ఏముంది?

జవాబు: ఆవిడ మొదలుపెట్టింది కూడా దాదాపు మీ ప్రశ్నతోనే అండీ. 1951 పరిశ్రమల చట్టం వచ్చాక పెద్ద ఫ్యాక్టరీ ఏది పెట్టాలన్నా ఢిల్లీ లైసెన్స్ కావాలి, రూల్ అందరికీ ఒకటే, అలాంటప్పుడు అన్ని రాష్ట్రాలూ ఒకేలా ఇబ్బంది పడాలి కదా, మరి ఎందుకు పడలేదు? ఇది తేల్చడానికి గుజరాత్, పశ్చిమ బెంగాల్, తమిళనాడుని పక్కపక్కన పెట్టి చూశారు. ఈ ఎంపిక నాకు చాలా నచ్చింది. బీహార్‌ని తెచ్చి గుజరాత్‌తో పోలిస్తే అది ముందు నుంచీ పేద రాష్ట్రమే అని ఎవరైనా కొట్టిపారేస్తారు, ఈ మూడూ మాత్రం మొదట్లో పరిశ్రమల్లో ముందున్నవే.

తేడా ఢిల్లీతో వ్యవహరించిన తీరులో వచ్చింది అంటారావిడ. గుజరాత్ గొడవ పెట్టుకోలేదు, ఆఫీసర్లు ఢిల్లీ చుట్టూ తిరిగి ఏ ఫైలు ఏ శాఖలో ఆగిందో కనుక్కుని కదిలించుకునేవాళ్లు, ఈలోపు 1962లో పెట్టిన జీఐడీసీ అనే గుజరాత్ ప్రభుత్వ పరిశ్రమల అభివృద్ధి సంస్థ స్థలం, రోడ్డు, నీళ్లు రెడీ చేసి ఉంచేది. బెంగాల్‌లో 1977లో కమ్యూనిస్టుల కూటమి లెఫ్ట్ ఫ్రంట్ వచ్చాక కేంద్రంతో పోరాటమే రాజకీయం అయిపోయింది. అది ఓట్లు తెచ్చింది, 34 ఏళ్లు అధికారంలో ఉన్నారు, పెట్టుబడి మాత్రం అలా రాలేదు. తమిళనాడు ఈ రెండు దారుల మధ్యా ఊగింది.

అలాగని బెంగాల్ బాధ అబద్ధం అనుకోకండి, ఇక్కడే చాలామంది తొందరపడతారు. 1952లో తెచ్చిన రవాణా ఛార్జీల సమీకరణ వల్ల ఉక్కు దేశమంతా ఒకే రేటుకి దొరికేది, దాంతో గనుల పక్కనే ఉండడం అనే లాభం తూర్పు రాష్ట్రాలకి పోయింది, ఇది 1990ల మొదలు దాకా నడిచింది. బెంగాల్‌లో 1977లోనే అనుకున్న హల్దియా పెట్రోకెమికల్స్ ఫ్యాక్టరీ మొదలయ్యేసరికి 2000 వచ్చేసింది. కేంద్రం తప్పు లేదని సిన్హా కూడా అనలేదు. ఆవిడ అనేది రాజ్యం, అంటే మొత్తం ప్రభుత్వ వ్యవస్థ, ఒకే ముద్ద కాదని, కేంద్రం ఒక్కదాన్నో రాష్ట్రం ఒక్కదాన్నో చూస్తే సగమే తెలుస్తుందని, ఆ రెండింటి మధ్య ఏం నడిచిందో చూడమని.

నాకు ఒక్క లోటు కనిపిస్తుంది. ఇదంతా ఎక్కువగా పరిశ్రమల గురించే. బడి, ఆస్పత్రి సంగతి కావాలంటే ప్రేరణా సింగ్ అనే మరో పొలిటికల్ సైంటిస్ట్ రీసెర్చ్ చూడండి, కేరళ, తమిళనాడుల్లో ‘మనం ఒక్కటి’ అనే ప్రాంతీయ భావన చదువు, ఆరోగ్యం మీద ఖర్చుకి ఎలా దారితీసిందో, ఉత్తరప్రదేశ్‌లో అలా ఎందుకు జరగలేదో ఆవిడ వివరించారు.

1991 తర్వాత లైసెన్సులు చాలావరకు పోయాయి కాబట్టి ఇప్పుడు రాష్ట్రాలు కంపెనీల కోసం నేరుగా పోటీ పడుతున్నాయి. కానీ ఢిల్లీ పట్టు పోలేదు, వేరే చోటికి మారింది. జీఎస్టీ పన్ను సంగతులు కేంద్రం, రాష్ట్రాల మంత్రులు కలిసి తేల్చే జీఎస్టీ కౌన్సిల్‌నే తీసుకోండి, అక్కడ కేంద్రం ఓటు విలువ మూడో వంతు, నిర్ణయానికి నాలుగింట మూడు వంతులు కావాలి, అంటే కేంద్రం వద్దంటే రాష్ట్రాలన్నీ కలిసినా ఏదీ పాస్ అవ్వదు. మీరు డిసర్టేషన్ చేస్తే ఈ కౌన్సిల్ మీదే చెయ్యండి, సిన్హా ప్రశ్న అక్కడ ఇంకా తాజాగానే ఉంది.