టెక్ సందేహాలు: స్కూల్ వ్యాన్, ఫోన్, దారిలో గుంతలు

ప్రశ్న: స్కూల్ వ్యాన్ నడుపుతాను. రోజూ అదే దారిలో నాలుగు ట్రిప్పులు. వ్యాన్ గుంతలో పడినప్పుడల్లా వెనక సీట్లోని పిల్లల గురించే టెన్షన్. రోడ్డు బాగుచేయమంటే ‘ఎక్కడెక్కడ ఉన్నాయో రాసివ్వండి’ అంటున్నారు. ఫోన్‌తో రికార్డు చేయొచ్చా? వేరే పరికరం కొనాలా?

జవాబు: ఏమీ కొనకండి. ఫోన్ అడ్డంగా తిప్పితే వీడియో కూడా తిరుగుతుంది కదా, ఆ పని చేసే యాక్సిలరోమీటర్ (కదలికను, కుదుపును కొలిచే సెన్సర్) చాలు. ఫోన్‌ను బల్ల మీద వెల్లకిలా పెడితే జెడ్ (పైకీ కిందికీ ఉండే దిశ) దగ్గర 9.8 చూపిస్తుంది. అది భూమ్యాకర్షణ. చక్రం గుంతలోకి దిగగానే ఆ అంకె పడిపోతుంది, అవతలి అంచుకు కొట్టుకోగానే ఎగబాకుతుంది.

జర్మనీలోని ఆఖెన్ యూనివర్సిటీ వాళ్ల ‘ఫైఫాక్స్’ ఆప్ ఉచితం. ప్లస్ గుర్తు నొక్కి యాక్సిలరోమీటర్, లొకేషన్ రెండూ ఎంచుకోండి. ట్రిప్పు అయ్యాక ఎక్సెల్ ఫైల్ వస్తుంది. అందులో జెడ్ అంకె ఒక్కసారిగా మారిన చోట్లను మ్యాప్‌లో చుక్కలుగా పెట్టుకోండి. ఫోన్‌ను డాష్‌బోర్డు మీద వెల్లకిలా, కదలకుండా బిగించాలి. జేబులో ఉంటే మీ ఒళ్లు కదలడమే రికార్డవుతుంది. బండి కదలకముందే ఆన్ చేసి, దిగేదాకా ముట్టుకోకండి.

ఒక్క ట్రిప్పును మాత్రం నమ్మొద్దు. గంటకు 36 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 10 మీటర్లు. ఫోన్‌లో జీపీఎస్ మామూలుగా సెకనుకోసారే చోటు చెబుతుంది కాబట్టి గుంత ఒకచోట ఉంటే మ్యాప్‌లో చుక్క ఇంకోచోట పడుతుంది. పది ట్రిప్పుల చుక్కలు ఒకే దగ్గర గుమిగూడితే అక్కడ గుంత ఉన్నట్టే. అదే వ్యాన్, అదే దారి, దాదాపు అదే వేగం. ఇంతకన్నా మంచి ఏర్పాటు ఇంకెవరికి కుదురుతుంది!

2008లో అమెరికాలోని ఎంఐటీ యూనివర్సిటీ వాళ్లు బోస్టన్ ప్రాంతంలో 7 టాక్సీలకు సెన్సర్లు పెట్టి ఇదే పని చేశారు. తలుపు గట్టిగా వేసినా గుంతలాగే నమోదవడం వాళ్లకు ఎదురైన ఇబ్బందుల్లో ఒకటి. మీకు ప్రతి స్టాపులోనూ అదే జరుగుతుంది. అందుకే వేగం సున్నా ఉన్నచోట వచ్చిన కుదుపులన్నీ తీసేయండి. స్పీడ్ బ్రేకర్లు ఎక్కడున్నాయో మీకు కంఠతా వచ్చి ఉంటుంది, వాటినీ కొట్టేయండి.

కుదుపు పెద్దదైతే గుంత లోతైనదని అర్థం కాదు. వేగాన్ని బట్టి, టైర్లలో గాలిని బట్టి, ఎంతమంది పిల్లలు ఎక్కారన్నదాన్ని బట్టి అంకె మారిపోతుంది. ‘లోతెంత?’ అని కూడా అడుగుతారు. సెలవు రోజున వెళ్లి, చుక్కలు దట్టంగా ఉన్నచోట గుంతలో స్కేలు నిలబెట్టి ఫొటో తీయండి. ఆ ఫొటోలనూ మ్యాప్‌నూ కలిపి ఇవ్వండి.