రిగీ కొండ గురించి నీకో ఉత్తరం

తమ్ముడూ,

స్విట్జర్లాండ్‌లోని రిగీ కొండకి వెళ్లొచ్చి నువ్వు రాసి పంపిన యాత్రాకథనం రెండుసార్లు చదివాను. జ్యూరిక్‌లో ఉద్యోగం చేసుకుంటూ, వీకెండ్‌లో తెలుగులో రాద్దామని కూర్చున్నావు చూడు, అందుకు ముందు సంతోషం. ఇక తిట్లు. మొదటి పేజీలో కొండ "వర్ణనాతీతం" అన్నావు, మూడో పేజీలో "మాటలకందని అందం" అన్నావు. మాటలకి అందనిదాని మీద ఆరు పేజీలు ఎలా రాశావయ్యా! నేనూ తక్కువ తినలేదులే, నా తొలి కథలో గోదావరి మీద సూర్యాస్తమయం రెండు పేజీలు సాగింది, ఎడిటర్ గారు మొత్తం కొట్టేసి "పడవవాడు ఏమయ్యాడు?" అని మార్జిన్‌లో రాసి తిప్పి పంపారు.

కింద సరస్సు ఒడ్డునున్న వీట్స్‌నౌ ఊరి నుంచి ఆ కొండ మీదికి 1871లో రైలు వేశారనీ, యూరప్‌లో పళ్లపట్టా మీద నడిచే కొండరైళ్లలో అదే మొదటిదనీ రాశావు, అది ఉంచు. కానీ ఫ్రెండ్సంతా యుంగ్‌ఫ్రావ్ అనే పెద్ద మంచుకొండకి వెళ్తే నువ్వు 1,797 మీటర్ల చిన్న కొండకి వెళ్లాల్సొచ్చిందని నొచ్చుకున్నావే, అక్కడ నాకు టర్నర్ గుర్తొచ్చాడు.

ఆ ఇంగ్లిష్ చిత్రకారుడు 1802లో, ఇరవై ఏడేళ్లప్పుడు, మొదటిసారి ఆల్ప్స్ చూశాడు. ఆ వయసులో అతన్ని పట్టుకున్నవి లోయలు, హిమపాతాలు, చూస్తే గుండె ఝల్లుమనేవి. మళ్లీ 1841 నుంచి నాలుగేళ్లు వరుసగా స్విట్జర్లాండ్ వెళ్లాడు. అప్పటికి అరవై దాటాయి. లూసర్న్ ఒడ్డున ఉండి సరస్సు అవతల కనిపించే ఈ రిగీనే వేళ మార్చి వేళ చూస్తూ స్కెచ్‌లు వేసుకున్నాడు. 1842లో వాటినుంచి మూడు నీటిరంగుల బొమ్మలు తేలాయి: బ్లూ రిగీ, రెడ్ రిగీ, డార్క్ రిగీ. కొండ అదే, వెలుగు వేరు.

బ్లూ రిగీని నేను ప్రింట్‌లోనే చూశాను. సూర్యుడింకా కొండ వెనకే ఉంటాడు, పైన శుక్రుడు చిన్న చుక్కలా ఉంటాడు, ముందు నీళ్ల మీంచి బాతులు లేస్తుంటాయి. ఆ బాతుల్ని తీసేస్తే కొండ అంత నిశ్శబ్దంగా ఉండదు. బొమ్మలో మెరుపు కావాల్సినచోట టర్నర్ రంగు పులమడు, ఉన్న రంగునే గీకి కింది తెల్లకాగితాన్ని బయటికి తీస్తాడు. నీ ఆరు పేజీల్లోనూ గీకాల్సింది చాలా ఉంది.

ఇంకోటి, దీన్ని నిన్ను ఓదార్చడానికి చెప్పడం లేదు. ఆ 1842లోనే టర్నర్ తన నమూనా బొమ్మల్ని గ్రిఫిత్ అనే డీలర్‌కిచ్చి ఆర్డర్లు తెమ్మంటే, అనుకున్నంతమంది ముందుకు రాలేదు. అంత పేరున్న మనిషికే! అదే బ్లూ రిగీని 2007లో లండన్‌లోని టేట్ గ్యాలరీ 49.5 లక్షల పౌండ్లకు కొంది, అందులో మామూలు జనం ఇచ్చిన చందాలూ ఉన్నాయి.

వచ్చే శనివారం కొండెక్కకు. లూసర్న్‌లో పొద్దున్నే సరస్సు గట్టున కూర్చో, ఫోన్ జేబులోనే ఉండనీ. అరగంటలో కొండ రంగు ఎలా మారిందో, ఆలోగా నీ ముందునుంచి ఎవరు నడిచి వెళ్లారో రాయి. రెండు పేజీలు దాటనివ్వకు. ఫాంట్ కాస్త పెద్దది పెట్టి పంపు, కళ్లు సహకరించడం లేదు.

మీ అన్నయ్య