డాక్టర్ సలహా: అంటార్కిటికా ఓడ ఎక్కేముందు ఆ జ్ఞానదంతం సంగతి తేల్చుకోండి

ప్రశ్న: నా వయసు 28. విశాఖపట్నంలో సముద్ర జీవశాస్త్రంలో పరిశోధన చేస్తున్నాను. అంటార్కిటికా యాత్రకు వెళ్లే బృందంలో నా పేరు పరిశీలనలో ఉంది. ఎంపికైతే కేప్‌టౌన్ నుంచి ఓడలో వెళ్తూ, దారి పొడవునా సముద్రపు నీటి నమూనాలు సేకరించాలి. నాలుగేళ్లుగా హైపోథైరాయిడిజానికి రోజూ 75 మైక్రోగ్రాముల థైరాక్సిన్ వాడుతున్నాను. అరకు ఘాట్ రోడ్డులో బస్సెక్కితే చాలు, వాంతులవుతాయి. ఎడమవైపు కింది జ్ఞానదంతం ఏడాదికి రెండు మూడుసార్లు వాచి నొప్పి పెడుతుంది, మాత్రలు వేసుకుంటే తగ్గిపోతుంది. ఓడ ప్రయాణాన్ని తట్టుకోగలనా? థైరాయిడ్ ఉందని మెడికల్ ఫారంలో రాస్తే పక్కన పెట్టేస్తారేమో. ఏయే జాగ్రత్తలు తీసుకోవాలి?

జవాబు: మీరు ఎక్కువగా భయపడుతున్నది వాంతుల గురించి. నన్ను ఆలోచనలో పడేసింది మాత్రం మీరు ఒక్క వాక్యంలో తేల్చేసిన జ్ఞానదంతం. అలా మళ్లీ మళ్లీ వాచే దంతం సాధారణంగా చిగురులోంచి సగమే బయటికి వచ్చి ఇరుక్కుపోయి ఉంటుంది. దాని మీద కప్పినట్టుండే చిగురు మడత కింద ఆహారపు తునకలు చేరి, అక్కడ ఇన్ఫెక్షన్ మొదలవుతుంది. యాంటీబయాటిక్ వేసుకున్నప్పుడు తగ్గేది ఆ పూట ఇన్ఫెక్షనే తప్ప, దానికి చోటిచ్చిన మడత అలాగే ఉంటుంది. విశాఖలో అయితే మర్నాడు దంతవైద్యుడి దగ్గరికి వెళ్లవచ్చు. అంటార్కిటికాలోని మన దేశపు పరిశోధన కేంద్రం మైత్రి కేప్‌టౌన్‌కు 4,000 కిలోమీటర్లకు పైగా దక్షిణాన ఉంది. ఓడలో డాక్టరు ఉన్నా, ఇరుక్కున్న దంతాన్ని కోసి తీసే ఏర్పాటు ఉంటుందని ఆశించకూడదు. ఇన్ఫెక్షన్ దవడ కండరాలకు పాకి నోరు తెరుచుకోకపోతే, మిమ్మల్ని తరలించే హెలికాప్టర్ ఎగరడానికి వాతావరణం కూడా అనుకూలించాలి. కాబట్టి ముందుగా ఓపీజీ, అంటే రెండు దవడల పళ్లన్నీ ఒకేసారి కనిపించే ఎక్స్‌రే తీయించుకోండి. తీసేయాలని దంతవైద్యుడు చెబితే, చిగురు పూర్తిగా మానేందుకు వీలుగా బయలుదేరడానికి కనీసం ఆరు వారాల ముందే ఆ పని ముగించండి. పుచ్చిపోయినవి, సిమెంటు ఊడినవి ఉంటే అదే ఊపులో చేయించేయండి.

మైత్రి ఉన్న షిర్మాకర్ ఒయాసిస్‌లోనే, అంటే మంచు కప్పని ఆ నేల మీదే, రష్యావాళ్ల నోవొలజారెవ్‌స్కయా కేంద్రం కూడా ఉంది. 1961లో అక్కడి ఏకైక డాక్టరు లియోనిద్ రొగొజొవ్‌కు అపెండిసైటిస్ వస్తే, ఆపరేషన్ చేసేవారు మరొకరు లేక, సహచరుడి చేత అద్దం పట్టించుకుని తన పొట్ట తానే కోసుకుని అపెండిక్స్ తీసేసుకున్నాడు. మిమ్మల్ని భయపెట్టాలని ఇది చెప్పడం లేదు. బాగున్న అపెండిక్స్‌ను ముందుజాగ్రత్తగా తీయించుకోమని కూడా నేను అనను. అయితే యాత్రకు ముందు జరిపే వైద్య పరీక్షలు అంత లోతుగా ఎందుకుంటాయో అర్థం కావడానికి ఈ ఒక్క ఉదంతం చాలు.

ఆ కారణంగానే థైరాయిడ్ సంగతి ఫారంలో తప్పక రాయండి. మందుతో అదుపులో ఉన్న హైపోథైరాయిడిజం మామూలుగా పెద్ద అడ్డంకి కాదు, కానీ తుది నిర్ణయం మెడికల్ బోర్డుదే. దాచిపెడితే ఓడలోని డాక్టరుకు మీ గురించి సగమే తెలుస్తుంది, మీకు నీరసం, విపరీతమైన చలి మొదలైనప్పుడు ఆయన వేరే కారణాల కోసం వెతుక్కుంటూ కూర్చుంటారు. ఇప్పుడొకసారి థైరాయిడ్ పనితీరు తెలిపే టీఎస్‌హెచ్ రక్తపరీక్ష చేయించుకుని, మోతాదు మార్చవలసి వస్తే ఆరు నుంచి ఎనిమిది వారాల తరవాత మళ్లీ పరీక్ష చేయించుకోండి. హిమోగ్లోబిన్ కూడా చూపించుకోవడం మంచిది. అంటార్కిటికా బృందానికి చలి అలవాటు కావడానికి ఉత్తరాఖండ్‌లోని ఔలిలో శిక్షణ ఇస్తారు. ఆ ప్రాంతం 2,500 మీటర్లకు పైగా ఎత్తున ఉంది కాబట్టి, రక్తహీనత ఉంటే అక్కడే ఆయాసం బయటపడుతుంది. యాత్ర ఎన్ని రోజులని చెప్పారో అన్నిటికీ, దాని మీద మరో రెండు నెలలకూ సరిపడా మాత్రలు తీసుకుని, రెండు భాగాలు చేసి, ఒకటి చేతిసంచిలో, మరొకటి పెట్టెలో పెట్టండి. మంచు అడ్డుపడి ఓడ ఆలస్యం కావడం అక్కడ వింతేమీ కాదు. థైరాక్సిన్ ప్రభావం శరీరంలో చాలా రోజులు ఉంటుంది. వాంతుల వల్ల ఒకటి రెండు రోజులు మాత్ర ఇమడకపోయినా కంగారు పడనక్కరలేదు.

ఇక వాంతుల విషయం. దక్షిణాన 40 నుంచి 60 డిగ్రీల అక్షాంశాల మధ్య పడమటి గాలులకు అడ్డొచ్చే భూభాగం దాదాపు లేదు, అందుకే అక్కడ అలలు పెద్దవి. పైగా మంచును చీల్చుకుపోవడానికి వీలుగా అడుగు గుండ్రంగా కట్టిన ఓడలు తెరిచిన సముద్రంలో మామూలు ఓడలకన్నా ఎక్కువగా దొర్లుతాయి. లోపలి చెవి ఊగుతున్నామని చెబుతుంటే, కేబిన్ గోడను చూస్తున్న కళ్లు కదలడం లేదని చెబుతాయి, ఈ పొసగని కబుర్ల వల్లే వికారం పుడుతుంది. చాలామందికి రెండు మూడు రోజుల్లో సర్దుకుంటుంది. తేలుతున్న మంచు పలకల మధ్యకు చేరాక అలల ఊపు అణగిపోతుంది, అప్పుడు ఓడ పక్కలను మంచు రాసుకునే చప్పుడుకు నిద్ర పట్టదు కాబట్టి చెవుల్లో పెట్టుకునే ప్లగ్‌లు తీసుకెళ్లండి. ఘాట్ రోడ్డులో వాంతులయ్యేవారికి ఓడలోనూ అయ్యే అవకాశం ఎక్కువే, కానీ ఒక్క ఆ కారణంతో యాత్ర మానుకోవలసిన పని లేదు.

సిన్నరిజిన్, మెక్లిజిన్, ప్రొమెథజిన్ వంటి మందులు వికారం మొదలుకాక ముందు వేసుకుంటేనే ఫలితం ఉంటుంది, మొదలయ్యాక మాత్ర కడుపులో నిలవదు. మన ఇళ్లలో వాంతి అనగానే వేసుకునే ఆన్‌డాన్‌సెట్రాన్ ఈ రకం వికారాన్ని ఆపడంలో పెద్దగా పనికిరాదు. పై మూడూ మత్తు తెచ్చేవే. మీ డాక్టరు మీకు సరిపోయే మందు, మోతాదు రాసిచ్చాక ఇంటి దగ్గరే ఒకరోజు వేసుకుని ఎంత నిద్ర వస్తుందో చూసుకోండి, మత్తుగా ఉన్నప్పుడు డెక్ మీద బరువులు దించే, ఎత్తే వించ్ యంత్రం దగ్గర నిలబడకూడదు. పొట్ట ఖాళీగా ఉంచకుండా బిస్కట్లు, మరమరాల వంటి పొడి తిండి కొంచెం కొంచెంగా తింటూ ఉండండి. మొదటి రోజుల్లో మైక్రోస్కోపు, లాప్‌టాప్ పని పెట్టుకోవద్దు. సీసాలకు లేబుళ్లు అంటించడం లాంటి తల వంచి చేసే పనులు రేవులో ఉండగానే పూర్తి చేసుకోండి. ఒక రోజంతా నీళ్లు కూడా ఇమడకపోయినా, మూత్రం బాగా తగ్గినా డాక్టరును కలవండి.

డెక్ మీద మీరు సీసాల్లోకి పట్టే నీరు సున్నా కంటే చల్లగా ఉండవచ్చు, ఉప్పునీరు సుమారు మైనస్ 1.8 డిగ్రీల దాకా గడ్డకట్టదు. తడిసిన గ్లవ్స్‌తో గాలిలో నిలబడితే వేళ్లు త్వరగా దెబ్బతింటాయి. లోపల పలుచని ఉన్ని గ్లవ్స్, పైన నీరు దిగనివి వేసుకుని, జేబులో మరో పొడి జత ఉంచుకోండి. ఒంటికి తగిలే బట్ట నూలుది కాకూడదు, అది చెమటను పట్టుకుని ఆరదు. వేలు తెల్లబడి, గట్టిపడి, స్పర్శ తెలియకపోతే రుద్దకండి, హీటరు దగ్గర పెట్టకండి, కాలినా తెలియదు. లోపలికి వెళ్లి డాక్టరుకు చూపించండి. 37 నుంచి 39 డిగ్రీల నీటిలో ఉంచి వేడెక్కించడం పద్ధతి. ఊగే ఓడలో బరువైన ఇనుప తలుపుల మధ్య వేళ్లు నలగడం కూడా తరచూ జరిగేదే, గుమ్మం అంచును ఎప్పుడూ పట్టుకోకండి.

మబ్బు పట్టిన రోజునా నల్ల కళ్లద్దాలు తీయవద్దు. మంచు మీద నుంచి తిరిగివచ్చే అతినీలలోహిత కిరణాలకు కళ్లు కమిలినా, మంట, నీరు కారడం కొన్ని గంటల తరవాత గాని మొదలుకావు. వేసవిలో అక్కడ రాత్రి చీకటి పడదు కాబట్టి కంటికి కట్టుకునే పట్టీ ఉంటే నిద్రకు మేలు.

మీరు అడగలేదు గానీ, నెలసరి గురించి కూడా ముందే ఆలోచించండి. వాయిదా వేసే మాత్రలు కావాలనుకుంటే గైనకాలజిస్టును అడిగి, ఒకటి రెండు నెలలు ఇక్కడే వాడి చూడాలి. మెరుపులు కనిపించే రకం మైగ్రేన్ మీకు ఉంటే ఆ సంగతి ఆవిడకు తప్పక చెప్పండి, ఈస్ట్రోజెన్ ఉన్న మాత్రలు అలాంటివారికి ఇవ్వకూడదు.