మిర్చిలో మందు అవశేషాలు: మెరిసే స్ట్రిప్‌ను నమ్మొచ్చా?

సందేహం: ఆరెకరాల్లో తేజ మిర్చి వేశాను. మందు అవశేషాలు ఎక్కువున్నాయని ఎగుమతి వ్యాపారి సరుకు వద్దన్నాడు. నీలి లైటు కింద మెరిసే నానో స్ట్రిప్‌తో కళ్లంలోనే పరీక్ష చేసుకోవచ్చని వాట్సాప్‌లో వీడియో వచ్చింది. కొనమంటారా?
– మిర్చి రైతు, పల్నాడు జిల్లా

జవాబు: ఎండుమిర్చి కోసమైతే కొనకండి. అలాగని ఆ శాస్త్రం బూటకమేమీ కాదు. నోట్లు పరీక్షించే నీలి లైటు కింద నోటులోని దారం మెరవడం చూసే ఉంటారు. ఇలాంటి స్ట్రిప్‌లలో వాడే కార్బన్ డాట్లనే అతి సన్న రేణువులూ అలాగే మెరుస్తాయి. సైజు 10 నానోమీటర్ల లోపే. నిమ్మఉప్పును వేడిచేసి కూడా వీటిని తయారుచేస్తారు.

ఒక రకం పరీక్షలో వీటికి తోడు ఎసిటైల్‌కొలినెస్టరేజ్ అనే ఎంజైమ్ వాడతారు. పురుగు నరాలు సరిగా పనిచేయడానికి కావలసిందీ ఇదే. ఎంజైమ్ పనిచేస్తుంటే మెరుపు తగ్గుతుంది. క్లోరిపైరిఫాస్ లాంటి మందు తగిలితే ఎంజైమ్ ఆగిపోతుంది, మెరుపు తగ్గదు. మెరిస్తే మందు ఉన్నట్టు.

చిక్కంతా ఇక్కడే. ఈ ఎంజైమ్ ఆర్గానోఫాస్ఫేట్ (క్లోరిపైరిఫాస్ ఈ రకమే), కార్బమేట్ అనే రెండు రకాల పురుగుమందులనే పట్టిస్తుంది. మీరు ఇమిడాక్లోప్రిడ్, టెబుకొనజోల్ కొట్టి ఉంటే దానికి తెలియనే తెలియదు. పైగా మిర్చి ఎరుపు నీలి లైటును మింగేస్తుంది. రంగు వల్ల మెరుపు తగ్గినా, మందు లేదనుకుని టిక్కీలు (మిర్చి బస్తాలు) కట్టేస్తాం!

యూరప్‌లో ప్రత్యేక పరిమితి పెట్టని మందులకు కిలోకు 0.01 మిల్లీగ్రాము దాటకూడదు. అంటే 100 టన్నుల మిర్చికి ఒక్క గ్రాము. దానికితోడు 100 కిలోల పండుకాయ ఎండితే 25–35 కిలోలే వస్తుంది. నీరు పోయినంతగా మందు పోదు, కిలోకు లెక్కిస్తే పెరుగుతుంది.

గుంటూరులో స్పైసెస్ బోర్డు ల్యాబ్ ఉంది. ముందుగా అడిగి, శాంపిల్ అక్కడ ఇవ్వండి. వ్యాపారి దగ్గర రిపోర్టు ఉంటే ఏ మందు, ఎంత వచ్చిందో చూసి, మీరు కొట్టిన మందులతో సరిపోల్చండి. మీరు వాడని మందు పేరు కనబడితే, బిల్లు లేకుండా కొన్న 'బయో' మందును నేనైతే ముందు అనుమానిస్తాను. వచ్చే పంటకు, ఏ తేదీన ఏ మందు కొట్టారో, ఎప్పుడు కోశారో నోటుబుక్కులో రాయండి. కోతకు ముందు ఎన్ని రోజులు ఆగాలో లేబుల్ మీదే ఉంటుంది.

శాంపిల్‌కు ఒకే టిక్కీ పైకాయ తీయొద్దు. పది పదిహేను టిక్కీల్లో పైనా, మధ్యా, అడుగునా పిడికెడు చొప్పున తీసి కలిపి, కిలో పట్టుకెళ్లండి. కొత్త కవరులోనే వేయండి, ఎరువు సంచి ముక్కలో కాదు.