రె: రెండు స్విచ్‌ల మధ్య వీల్యాన్ 10 పింగ్ అవ్వట్లేదు

మీరు చెప్పినదాన్ని బట్టి ఒకే స్విచ్ మీదున్న వీల్యాన్ 10 (స్విచ్‌లో విడిగా చేసుకున్న చిన్న నెట్‌వర్క్) పీసీలు పింగ్ అవుతున్నాయి, అంటే ఒకటి టెస్ట్ మెసేజ్ పంపితే ఇంకోటి జవాబిస్తోంది, రెండో స్విచ్ మీదున్న వాటికి మాత్రం వెళ్లట్లేదు, అంటే మధ్యలో లింకే చూడాలండి. ముందు షో ఇంటర్‌ఫేసెస్ ట్రంక్ అనే కమాండ్ కొట్టండి, ఏమీ రాకపోతే ట్రంక్ (చాలా వీల్యాన్‌లను ఒకేసారి మోసే లింకు) పడలేదన్నమాట. ప్యాకెట్ ట్రేసర్‌లో (సిస్కో వాళ్ల నెట్‌వర్క్ ప్రాక్టీస్ సాఫ్ట్‌వేర్) 2960 మోడల్ స్విచ్ పోర్టులు డిఫాల్ట్‌గా డైనమిక్ ఆటోలో ఉంటాయి, అంటే అవతలి వైపు అడిగితేనే ట్రంక్ అవుతాయి, రెండు వైపులా ఆటోనే అయితే ఏ వైపూ ముందుగా అడగదు కాబట్టి లింకు యాక్సెస్‌గానే (ఒకే వీల్యాన్ మోసే రకం) ఉండిపోయి వీల్యాన్ 1 ఒక్కటే మోస్తుంది, లైటు మాత్రం పచ్చగానే ఉంటుంది, చాలామంది తికమక పడేది ఇక్కడే. రెండు స్విచ్‌ల్లోనూ ఆ పోర్టులోకి వెళ్లి స్విచ్‌పోర్ట్ మోడ్ ట్రంక్ ఇచ్చేయండి.

తర్వాత షో వీల్యాన్ బ్రీఫ్ కొట్టి రెండో స్విచ్‌లో కూడా 10 క్రియేట్ అయ్యిందో లేదో చూసుకోండి.

ఇంకోటి, ట్రంక్ అలవ్డ్ లిస్టులోకి (ట్రంక్ మీద వెళ్లనిచ్చే వీల్యాన్‌ల జాబితా) కొత్త వీల్యాన్ కలిపేటప్పుడు యాడ్ అని తప్పకుండా టైప్ చేయండి ప్లీజ్, అది లేకుండా ఉత్తి 20 అని ఇస్తే పాత 10 ఎగిరిపోతుంది, ఆ తర్వాత తప్పెక్కడుందో ఎంత వెతికినా దొరకదు.

10 నుంచి 20కి పింగ్ కావాలంటే మాత్రం రౌటరో లేయర్ 3 స్విచ్చో (రౌటింగ్ కూడా చేసే స్విచ్) ఉండాల్సిందే. లైటు నారింజ రంగులో ఉంటే ఒక 30 సెకన్లు ఆగండి, మొదటి పింగ్ ఒకటి ఏఆర్‌పీ (అవతలి పీసీ హార్డ్‌వేర్ అడ్రస్ కనుక్కోవడం) వల్ల పోయినా కంగారు పడొద్దు. అప్పటికీ అవ్వకపోతే రెండు స్విచ్‌ల ట్రంక్ అవుట్‌పుట్ పెట్టండి, చూస్తా.