పన్ను నొప్పి తగ్గింది, దవడ కింద వాపు పెరిగింది... ఏం చేయాలి?

ప్రశ్న: మా నాన్నగారికి 58 ఏళ్లు. చాలాకాలంగా షుగర్ ఉంది. వారం కిందట కింది దవడ పన్ను నొప్పి అంటే మెడికల్ షాపులో మాత్రలు తెచ్చి వేశాం. నొప్పి తగ్గింది కానీ దవడ కింద వాచింది. ఇసుక మూటతో కాపడం పెడుతున్నాం. నిన్నటి నుంచి నోరు సరిగ్గా తెరవలేకపోతున్నారు, రాత్రి జ్వరం వచ్చింది. పన్ను పీకిస్తే చూపు తగ్గుతుందని పెద్దవాళ్లు అంటున్నారు. నిజమేనా? వాపుకు ఏ యాంటీబయాటిక్ వాడాలి?
– ఓ పాఠకురాలు, ఖమ్మం

జవాబు: అమ్మా, పన్ను తీయిస్తే చూపు తగ్గదు. చూపు నరం వేరు, పంటి నరం వేరు. ఆ భయం వదిలేయండి.

నన్ను కంగారు పెడుతున్నది మీరు మధ్యలో రాసిన మాట: నోరు తెరవలేకపోవడం. షుగర్ ఉన్న మనిషికి దవడ కింద వాపు, జ్వరం, దానికి తోడు నోరు బిగుసుకుపోవడం ఉంటే ఇక ఇంటి వైద్యం కుదరదు. ఈ జవాబు చదివేసరికే చూపించి ఉంటే సంతోషం. లేకపోతే ఇవాళే తీసుకెళ్లండి, రేపటిదాకా ఆగొద్దు.

నొప్పి తగ్గింది కాబట్టి నయమవుతోందని అనుకున్నట్టున్నారు. చాలాసార్లు జరిగేది వేరు. పంటి వేరు దగ్గర ఎముకలో చీము బిగబట్టి ఉన్నంతసేపు నొప్పి భరించలేం. ఆ చీము ఎముక దాటి మెత్తటి కండలోకి దిగితే ఒత్తిడి తగ్గి నొప్పి కాస్త శాంతిస్తుంది, వాపు మొదలవుతుంది. అక్కడి నుంచి నాలుక కిందికి, గొంతులోకి పాకితే ఊపిరికే అడ్డం పడవచ్చు. మింగలేకపోవడం, చొంగ కారడం, మాట ముద్దగా రావడం, నాలుక పైకి లేవడం, వెల్లకిలా పడుకుంటే ఆయాసం... వీటిలో ఏ ఒక్కటి కనిపించినా డెంటల్ క్లినిక్‌కి కాదు, 108కి ఫోన్ చేసి పెద్దాసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్లండి. దారిలో కూర్చోబెట్టే ఉంచండి.

ఇక ఆ మాత్రల సంగతి. కాగితంలో మడిచి, పొద్దునకొకటి రాత్రికొకటి అని చేతిలో పెట్టే 'సెట్' ఉంటుంది చూడండి, దానితోనే నాకు పేచీ. అందులో చిన్న తెల్ల బిళ్ల ఒక్కోసారి స్టెరాయిడ్ అవుతుంది. వాపును, జ్వరాన్ని కొన్నాళ్లు కప్పిపెడుతుంది, షుగర్‌ను అమాంతం పెంచుతుంది. నొప్పి బిళ్లలు కొన్ని షుగర్ రోగుల కిడ్నీలకు మంచివి కావు. ఏ యాంటీబయాటిక్ అని అడిగారు. మనిషిని చూడకుండా పేరు రాయను, రాయకూడదు కూడా. ఎంత మంచి మందైనా చీము బయటికి పోయి, చెడిన పంటికి రూట్ కెనాలో, తీసేయడమో జరగనిదే జబ్బు మళ్లీ తిరగబెడుతుంది. వారం రోజులు మందుల షాపు చుట్టూ తిరిగే బదులు మొదటి రోజే పంటి డాక్టర్‌కు చూపిస్తే పని చిన్నదిగా పోయేది కదమ్మా!

వేడి కాపడం వెంటనే ఆపేయండి. వాపును నొక్కడం, సూదితో గుచ్చడం వద్దు. చిగురు మీద ఆస్పిరిన్ పొడి అద్దకండి, పుండు పడుతుంది. మింగగలుగుతుంటే నీళ్లు తాగించండి. సరిగ్గా తినలేకపోతున్నారు కాబట్టి షుగర్ చూసి, ఆ మందు ఎంత వేయాలో మీ డాక్టర్‌నే ఫోన్‌లో అడగండి.

వెళ్లేటప్పుడు ఇప్పటిదాకా వేసిన మాత్రల ఖాళీ స్ట్రిప్పులు వెంట తీసుకెళ్లండి. రక్తం పలచబడే మందు వాడుతుంటే ముందే చెప్పండి, మీ అంతట మీరు ఆపకండి.